వెనకగది దాకా

జంషెడ్‌పూర్‌లో ఏళ్ల తరబడి కాపురం చేసినవాళ్లకి ఒక అలవాటు పట్టుకుంటుంది. కుళాయిలో నీళ్లు సన్నగా వచ్చినా, వీధిలైటు వెలగకపోయినా, మురుగుకాలవ పొంగినా ముందు గుర్తొచ్చేది కంపెనీ. మున్సిపల్ కార్పొరేషన్ లేని పెద్ద ఊరిది. నోటిఫైడ్ ఏరియా కమిటీ ఒకటుంది గానీ, చాలా పేటల్లో నీళ్లూ కరెంటూ రోడ్లూ చూసేది కంపెనీయే. దాని పేరు జుస్కో. ఈమధ్య పేరు మార్చి టాటా స్టీల్ యూఐఎస్‌ఎల్ అన్నారు, నోరు తిరగక మేం ఇంకా జుస్కో అనే అంటున్నాం. ఫోను చేస్తే మనిషి వస్తాడు. శ్రీకాకుళం జిల్లాలో నూతి నీళ్లు తోడి పెరిగిన నాకు, కొత్తకోడలిగా ఈ సోనారిలో దిగినప్పుడు అన్నిటికన్నా వింతగా తోచింది అదే. రెండు నదులు కలిసే దోముహాని ఇక్కడికి దగ్గరే, అవతల దల్మా కొండలు. చూడ్డానికి అవి బాగానే ఉండేవి గానీ, నా మనసు దోచింది మాత్రం కుళాయి.

ఆ అలవాటు పని చెయ్యని చోటు ఒకటే కనపడింది, వైఫై. ఫైబరు తీగ గుమ్మం దాకా వస్తుంది. గుమ్మం నుంచి వెనకగది దాకా దాన్ని ఎవరు తీసుకెళ్లాలి? తీగ వేసిన కుర్రాడు వీధి స్తంభానికి దగ్గరగా ఉన్న గోడ చూసుకున్నాడు, ముందుగదిలో టీవీ వెనక మేకు కొట్టి పెట్టె తగిలించాడు, తన ఫోనులో వేగం కొలిచి చూపించి వెళ్లిపోయాడు. వాడి వరకూ పని పూర్తయింది. ఏ ఊళ్లో చూసినా ఇదే వరస. పెట్టె ఇంటికి ఒక అంచున ఉంటుంది, అది పంపే తరంగాల్లో సగం వీధిలోకి పోతాయి. వీధిలో వాటితో పని ఎవరికీ లేదు.

ఒక ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోవాలంటే తేలికైన పరీక్ష ఉంది. సిగ్నల్ కొలిచే యాప్ ఒకటి ఫోనులో పెట్టుకుని, రౌటరు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవండి. అంకెలు మైనస్ గుర్తుతో వస్తాయి. మైనస్ 50 అంటే దివ్యం. మైనస్ 67 దాకా వీడియో కాల్ నిక్షేపంగా నడుస్తుంది. మైనస్ 80 దగ్గర మాటలు తెగుతాయి. చూడ్డానికి తేడా చిన్నదే. కానీ ప్రతి పది మెట్లకీ మిగిలేది పదో వంతు, ముప్ఫై మెట్లు దిగేసరికి వెయ్యో వంతు. మా ఇంటి పటం ఇలా తేలింది. మా ఆయన కుర్చీ దగ్గర మైనస్ 42. అబ్బాయి గదిలో 60కి కాస్త ఇటూ అటూ. వంటింట్లో 70 దాటింది. వెనకగదిలో 80 కింద ఎక్కడో ఉంది, ఒక్కోసారి అసలు లేదు. రోజంతా వంటింట్లో ఉండేది నేను, వెనకగదిలో ఉండేది మా అత్తగారు. ఇలా చెయ్యమని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు, తీగ పొట్టిదైంది అంతే. అయినా ఇల్లు కట్టినప్పుడు కిటికీలు ఎవరి గదికి ఎన్ని వచ్చాయో, పాత రోజుల్లో ఫ్యాను ముందు ఏ గదికి వచ్చిందో తలుచుకుంటే ఈ అంకెలు నాకు కొత్తగా అనిపించలేదు.

అత్తగారికి మోకాళ్లు బాగున్నన్నాళ్లు బిష్టుపూర్ రామమందిరానికో, కదమాలో ఆంధ్రా అసోసియేషన్‌కో వెళ్లి నలుగురు తెలుగువాళ్లతో మాట్లాడి వచ్చేవారు. ఇప్పుడు ఆవిడ లోకం టెక్కలిలో ఉన్న చెల్లెలితో చేసే వీడియో కాల్. “ఏటే అమ్మా, మా సెల్లి ముకం ముక్కలు ముక్కలైపోతంది” అని లోపల్నుంచి కేక వస్తుంది. వెళ్లి చూస్తే తెరమీద పిన్నిగారు నోరు తెరిచి బిగుసుకుపోయి ఉంటారు. ముందుగదిలోకి వచ్చి మాట్లాడుకోమంటే ఆవిడ రారు. అక్కడ కొడుకు వింటాడు. అక్కచెల్లెళ్ల మాటలు అల్లుళ్ల గురించీ కోడళ్ల గురించీ ఉంటాయి కదా. నా గురించి కూడా ఉండొచ్చు, ఆ హక్కు ఆవిడకుంది. ఆవిడకి కావలసింది సిగ్నలూ, దానితోపాటు మూసుకునే తలుపూ. ముందుగదిలో సిగ్నల్ ఉంది, తలుపు లేదు.

గోడల సంగతి తెలియకుండా ఇది బాగుపడదని మా అబ్బాయి అన్నాడు. వాడు హైదరాబాదు కంపెనీకి ఇక్కణ్నుంచే పని చేస్తాడు. గోడల మాటకొస్తే, ఇక్కణ్నుంచి రైల్లో నాలుగైదు గంటలు వెళ్తే వచ్చే కలకత్తాలో, 1895 ప్రాంతంలో జగదీశ్ చంద్ర బోస్ టౌన్‌హాల్లో జనం చూస్తుండగా తీగ లేకుండా తరంగాలు పంపి గంట మోగించాడు, మందుగుండు పేల్చాడు. గోడలు ఆయన తరంగాలకి అడ్డం కాలేదని విన్నవాళ్లు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. అవును, తరంగం గోడ దాటుతుంది. దాటిన ప్రతిసారీ సుంకం కడుతుంది. నాలుగంగుళాల ఇటుకగోడకి కొంత, పాతకాలపు తొమ్మిదంగుళాల గోడకి అంతకు మించి. కాంక్రీటు స్లాబు పదో వంతు మిగిలిస్తే గొప్ప. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది ఆరు. రెండోదాని పట్టీ విశాలం కాబట్టి వేగం ఎక్కువ, గోడలు దాటే ఓపిక తక్కువ. కొత్త ఫోన్లు రౌటరు పక్కన రాకెట్లలా పనిచేసి రెండు గదులు దాటగానే చతికిలబడేది అందుకే.

ఉక్కు దగ్గర మాత్రం సుంకం కట్టి దాటడం కూడా కుదరదు. రేకుకి తగిలిన తరంగం వెనక్కి తిరుగుతుంది. 1912లో తొలి ఉక్కు దిమ్మ తీసినప్పటి నుంచి ఉక్కు మీదే బతుకుతున్న ఊరికి ఇంతకన్నా ఎగతాళి ఉండదు. మా మామగారు రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యారు. ఇల్లు కట్టించినప్పుడు మేస్త్రీ అడిగినదానికన్నా ఎక్కువ ఊచలు వేయించి, మా స్లాబు మీద రైలు నడపొచ్చని అందరికీ చెప్పేవారు. నిజానికి స్లాబులో ఊచల మధ్య సందులుంటాయి, అక్కడ తరంగాన్ని తినేది ఎక్కువగా కాంక్రీటే. అసలు శత్రువు అత్తగారి స్టీలు బీరువా. నిలువుటద్దం, అద్దం వెనక లోహపు పూత, దాని వెనక రేకు తలుపు, లోపల పట్టుచీరలు. అది సరిగ్గా రౌటరుకీ ఆవిడ మంచానికీ మధ్య గోడకి ఆనించి ఉంది. దాన్ని పక్కగోడకి జరిపించాం. ఏడెనిమిది మెట్లు మెరుగైంది, దమ్మిడీ ఖర్చు లేకుండా. ఇల్లు బాగుచేసుకోవాలనుకునేవాళ్లు ఏదైనా కొనే ముందు బీరువా, ఫ్రిజ్, అక్వేరియం, గోడకి తగిలించిన పెద్ద టీవీ ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోవడం మంచిది. రౌటరును దాచడానికి టీవీ వెనక కన్నా చెడ్డ చోటు వెతికినా దొరకదు. అందంగా కనపడదని చాలామంది చేసేది అదే.

బీరువా జరిపినా వెనకగది పూర్తిగా తేరుకోలేదు. అప్పుడు ఇంట్లో వాదం మొదలైంది. ప్లాన్ పెంచుదాం అన్నాడు అబ్బాయి. పెద్ద రౌటరు కొందాం అన్నారు మా ఆయన. ఈ ఊరి చరిత్ర కాస్త చదివి ఉండడం వల్ల నాకు వాళ్లిద్దరి మాటా ఎక్కడో విన్నట్టనిపించింది.

జంషెడ్‌పూర్‌కి తొలి పటం గీసింది అమెరికాలోని పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన కెనడీ, సాలిన్ అనే ఇంజినీర్ల జంట. కర్మాగారాన్ని చూసుకుని, దాని పక్కన నిలువూ అడ్డం వీధుల గళ్లు గీశారు. అధికారుల బంగళాలకి చోటు బాగా కుదిరింది. 1911 జనగణనలో ఆరు వేలమంది కూడా లేని చోటు 1921 నాటికి 57 వేలకి చేరింది. వచ్చినవాళ్లలో మా జిల్లాల కూలీలూ ఉన్నారు. పటంలో వాళ్లకి ఇళ్లు లేవు. పటం బయట గుడిసెలు వేసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన ఎఫ్.సి. టెంపుల్ పారిశుద్ధ్యపు ఇంజినీరు. ఆయన గళ్లను పక్కనపెట్టి నేల వాలు చూసి రోడ్లు వేశాడు, వాగుల వెంట పచ్చదనం వదిలాడు. 1940ల నడుమ ఓటో కోనిగ్స్‌బెర్గర్ వచ్చాడు. హిట్లర్ కాలపు జర్మనీ వదిలి మైసూరు సంస్థానంలో ఆర్కిటెక్టుగా చేరినవాడు. ఊరంతా ఒక్క కేంద్రం మీద వేలాడకూడదని, ప్రతి పేటకీ బడీ, బజారూ, ఆటస్థలం నడక దూరంలో ఉండాలని ఆయన పటం. అందులో అమలైంది కొంతే. పటానికి బయట మిగిలిపోయిన పేటల లెక్క ఇంకా తేలలేదు, ఎన్నికలొస్తే ఇప్పటికీ 86 బస్తీల యాజమాన్య హక్కు మాట వినపడుతుంది. కానీ కేంద్రాన్ని ఎంత పెంచినా అంచులు బాగుపడవని ఆయనకి అర్థమైంది. మా ఇంట్లో ఆ రోజు అది అర్థమైన మనిషి లేడు.

మా ఇంటి జనాభా కూడా పటం గీసినవాడి అంచనా దాటిపోయింది. మొదట రెండు ఫోన్లూ ఒక కంప్యూటరూ ఉన్న ఇల్లు. 2020 లాక్‌డౌన్‌లో కోడలి ఆన్‌లైన్ క్లాసులకి ఒకటి, మనవరాలి బడికి ఒకటి, అబ్బాయి ఆఫీసుకి రెండు వచ్చి చేరాయి. తర్వాత టీవీ, గేటు దగ్గర కెమెరా, ఏసీ, గీజరు ప్లగ్గు, ట్యాంకు నిండగానే ఆగే మోటారు స్విచ్చి, మా ఆయన చేతి గడియారం. ఇవన్నీ మనం వాడనప్పుడు కూడా రౌటరుతో ఏదో ఒకటి చెబుతూనే ఉంటాయి. గీజరుకి అంత చెప్పవలసిన మాటలేముంటాయో నాకిప్పటికీ తెలీదు.

ప్లాన్ పెంచితే గుమ్మం దాకా వచ్చే నీళ్లు పెరుగుతాయి, లోపలి పైపు అదే ఉంటుంది. ఇంటి లోపల అందరూ పంచుకునేది గాలిలో దొరికే సమయాన్ని. ఒక ఛానల్ మీద ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడాలి. అందుకని ప్రతి వస్తువూ ముందు వింటుంది. నిశ్శబ్దంగా ఉంటే వెంటనే మొదలెట్టకుండా, తనకు తానే ఒక చీటీ తీసుకుని అందులో ఎంత వస్తే అంతసేపు ఆగి, అప్పుడు పంపుతుంది. ఇద్దరికి ఒకే చీటీ వచ్చి మాటలు ఢీకొంటే, ఈసారి ఇద్దరూ ఇంకా పెద్ద అంకెలున్న కుప్పలోంచి తీస్తారు. ఈ మర్యాద మొదట్నుంచీ లేదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లని రేడియోతో కలిపి అలోహానెట్ మొదలుపెట్టినప్పుడు, ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపడమే. అవతలినుంచి అందిందన్న కబురు రాకపోతే మళ్లీ పంపడం. లెక్క వేస్తే ఆ పద్ధతిలో గాలి సమయంలో పనికొచ్చేది మహా అయితే 18 శాతం. మిగతా అంతా ఢీకొట్టుకోవడానికీ, ఖాళీకీ పోతుంది. మా తోడికోడళ్లంతా ఒకచోట చేరినప్పుడు కూడా సుమారు అంతే.

ఇందులో అసలు కీలకం వినండి. దగ్గరున్న ల్యాప్‌టాప్‌కి రౌటరు గబగబా చెప్పేస్తుంది. మూడు గోడల అవతలి ఫోనుకి అదే మాట నెమ్మదిగా, విడదీసి, తప్పిపోయినవి మళ్లీ చెప్పాలి. ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. అంతసేపూ మిగిలినవన్నీ నోరు మూసుకుని ఆగాలి. వెనకగదిలో సిగ్నల్ లేకపోవడం అత్తగారి ఒక్కరి కష్టమని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆవిడ టెక్కలితో మాట్లాడుతున్నప్పుడే ముందుగదిలో క్రికెట్ గిర్రున తిరుగుతూ ఆగిపోవడం, అబ్బాయి మీటింగులో గొంతు కీచుమనడం ఎవరూ కలిపి చూడలేదు. కలిపి చూపించాక మా ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. టెంపుల్ లాంటి పారిశుద్ధ్యపు ఇంజినీర్లకి ఇది పాత సంగతే. కూలీల పేటలో మురుగు నిలిస్తే పుట్టే జబ్బుకి బంగళా గేటు అడ్డం కాదు. న్యాయం చెప్పి ఒప్పించలేనిచోట క్రికెట్ ఒప్పించింది, నాకేం అభ్యంతరం లేదు.

పెద్ద రౌటరు మాట ఎందుకు పనికిరాదంటే, మాట్లాడేది ఇద్దరు. రౌటరు మాట ఫోనుకి వినపడితే సరిపోదు, ఫోను మాట రౌటరుకి వినపడాలి. రౌటరు గోడలోని కరెంటు తాగి బతుకుతుంది, ఫోను అరచేతిలోని బ్యాటరీతో. రౌటరు గొంతు పెంచితే ఫోనులో గీతలు నిండుగా కనపడతాయి, జవాబు మాత్రం దారిలో పోతుంది. గీతలు నిండుగా ఉండి కాల్ తెగిపోతుంటే కారణం చాలాసార్లు ఇదే. రిపీటరు చవక. కానీ అది ఒకే ఛానల్ మీద విన్నదాన్ని మళ్లీ చెబుతుంది కాబట్టి ప్రతి మాటకీ గాలిలో రెండు సార్లు సమయం పోతుంది. పైగా జనం దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు. తనకే వినపడనిది అదేం చెబుతుంది? పెడితే సగం దారిలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. గోడలు పలచగా ఉన్న ఇంట్లో మెష్ పెట్టెలు బాగానే పనిచేస్తాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వేరే పట్టీ ఉన్నవైతే మరీనూ. మామగారు కట్టించిన గోడలకి అవి చాలవు.

చివరికి వేయించింది తీగే. క్యాట్ 6 కేబుల్, నూరు మీటర్ల దాకా దానికి దూరం లెక్కలేదు. ఒకప్పటి కేబుల్ టీవీ కోసం వేసిన గొట్టం బయటి గోడ వెంట ఖాళీగా పడి ఉంది. మాంగో పేట నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ అందులోంచే లాగి, వంటింటికీ వెనకగదికీ మధ్య నడవాలో, తలుపు పైన యాక్సెస్ పాయింట్ పెట్టాడు. రెండు పెట్టెలకీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, వేర్వేరు ఛానళ్లు. రెండింటి గొంతూ కొంచెం తగ్గించాం. లేకపోతే ముందుగదిలో పట్టుకున్న పెట్టెను ఫోను వెనకగది దాకా వచ్చినా వదలదు. టీవీకీ అబ్బాయి బల్లకీ కూడా కేబుల్ వేశాం. కదలని వస్తువులు తీగ మీదికి పోతే, గాలి కదిలేవాళ్లకి మిగులుతుంది. గీజరు ప్లగ్గూ గేటు కెమెరా లాంటివి 2.4 తప్ప మరొకటి ఎరగవు, వాటిని దానికే వదిలేశాం. ఇప్పుడు వెనకగదిలో మైనస్ 50లు. టెక్కలి పిన్నిగారి ముఖం మీద ముడతలు కూడా కనపడుతున్నాయట. ఆవిడ దాన్ని మెచ్చుకోలేదు.

ఇల్లు సర్దుకున్నాక వీధి సంగతి తెలిసొచ్చింది. 2.4 పట్టీ పోరంబోకు నేల. మైక్రోవేవ్ ఓవెన్ల లాంటివాటికి వదిలేసిన ఆ పట్టీలో లైసెన్సు లేకుండా మాట్లాడుకోవచ్చని 1985లో అమెరికా అంది, 2005లో మన ప్రభుత్వం అంది. 5 గిగాహెర్ట్జ్‌ని మనవాళ్లు 2018లో బాగా విప్పారు. ఎవరైనా వాడుకోవచ్చంటే అందరూ వాడుకుంటారు. 2.4లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు మూడే, 1, 6, 11. మా గుమ్మంలో యాప్ తెరిస్తే వీధి మొత్తం వరసగా వస్తుంది. దేవుళ్ల పేర్లు కొన్ని, పిల్లల పేర్లు కొన్ని, పాస్‌వర్డ్ అడగొద్దని హిందీలో ఒకటి. అందులో సగం 6 మీదే కూర్చున్నాయి. ఒకటి వెడల్పు పెంచుకుని రెండు ఛానళ్ల చోటు ఆక్రమించింది. అది పక్కింటి బెంగాలీవాళ్లది.

ప్రహరీగోడ దగ్గర ఆ ఇంటి దీదీతో మాట్లాడాను. ఆవిడ నా మాటంతా విని, “మీ వైఫై మా పడగ్గదిలో మాదానికన్నా బాగా వస్తుంది, మరి దానికేం చేస్తారు?” అంది. న్యాయమైన ప్రశ్నే. ముందుగది పెట్టె గొంతు ఇంకో రెండు మెట్లు తగ్గించాం. వాళ్లబ్బాయి వెడల్పు 40 నుంచి 20కి దించి 1కి మారాడు. మా ముందుగది పెట్టె 11 మీద ఉంది. ఎదురింటివాళ్లు 6 మీద ఉన్నారు, వాళ్లని కదిలించే పని లేదు. జుస్కోకి ఫోను చేసినంత తేలిగ్గా కాలేదు గానీ, టీ తాగేసరికి తేలింది.

ఇక మేడమీద కొత్తగా అద్దెకి దిగిన కుర్రాళ్లున్నారు. నిన్న సాయంత్రం ఎనిమిది యాంటెన్నాల బొమ్మ ఉన్న పెట్టె ఒకటి మెట్లెక్కడం చూశాను. వాళ్లది ప్లగ్గులో పెట్టేలోపు పైకి వెళ్లి, నడిగదిలో పెట్టుకోమనీ, 2.4 ఛానల్‌ని ఆటోలో వదలొద్దనీ చెప్పాలి. చిన్న యాక్సెస్ పాయింట్లు రెండు కొనుక్కుంటే దానికన్నా బాగుండేదని కూడా చెప్పాలనుంది, బిల్లు అప్పుడే చించేశారేమో ముందు అడగాలి.